పాత డీజిల్ కారుకు కొత్త హీటర్ ప్లగ్గులు: ఎంపికలో చూడవలసినవి

కోస్తా పట్టణంలో కొన్న పాత డీజిల్ కారు, కొండ ప్రాంతపు ఊరికి చేరిన తరువాత మొదటి చలికాలంలోనే మొరాయించడం అరుదైన సంగతి కాదు. యానాంలోనో బరంపురంలోనో డిసెంబరు నెలలో కూడా తాళం తిప్పగానే బయలుదేరిన బండి, కొరాపుట్ పీఠభూమి మీద తెల్లవారుజామున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోదు. పొగగొట్టం నుండి తెల్లని పొగ, పచ్చి డీజిల్ వాసన, క్రమంగా నీరసించే బ్యాటరీ, చివరకు ఇరుగుపొరుగువారు చేరి నెట్టడం. ఎక్కవలసినది ఆసుపత్రికి వెళ్ళే రోగి అయినా, తొలి రైలు అందుకోవలసిన ప్రయాణికుడైనా, ఆ అరగంట ఆలస్యం చిన్నది కాదు. అద్దెకు తిప్పుకునే కారయితే ఆనాటి కూలి పోయినట్లే.

ఇటువంటి బండ్లలో చాలావాటికి జబ్బు కొత్తగా వచ్చినది కాదు. నాలుగు హీటర్ ప్లగ్గులలో రెండో మూడో ఎన్నడో కాలిపోయి ఉంటాయి. కోస్తా ఉక్కపోత ఆ లోపాన్ని కప్పిపుచ్చింది. కొండ చలి దానిని బయటపెట్టింది. సముద్రమట్టానికి 850 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న కొరాపుట్, హోసూరు వంటి చోట్ల శీతాకాలపు వేకువలు పాత డీజిల్ ఇంజనుకు నిజమైన పరీక్షలు.

అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. దుకాణానికి వెళ్ళి కారు పేరు చెప్పి, ఇచ్చినది తెచ్చి బిగించడం సాధారణంగా జరిగే పని. ప్లగ్గు మరలో చక్కగా ఎక్కితే పని అయినట్లే భావిస్తారు. అయితే మరకు పట్టినంత మాత్రాన ఆ ప్లగ్గు ఆ ఇంజనుకు తగినది కాదు. వోల్టేజీ తప్పినా, పొడవు తప్పినా, దాని మొన కరిగి సిలిండరులో పడే ప్రమాదం ఉంది. అప్పుడు హెడ్డు విప్పక తప్పదు. నాలుగు ప్లగ్గులకు పెట్టిన డబ్బు ఎక్కడ, హెడ్డు విప్పి పిస్టను మార్చే ఖర్చు ఎక్కడ! కనుక కొనే ముందు ఏమి చూడాలో తెలుసుకోవడం పాత కారు యజమానికి ఎంతో అవసరం.

ప్లగ్గు చేసే పని

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా అదిమి, ఆ ఒత్తిడి వల్ల పుట్టిన వేడిలోకి డీజిలును చిమ్మడమే దాని పద్ధతి. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. పాత డీజిల్ కార్ల ఇంజన్లు గాలిని దాదాపు 21 నుండి 23వ వంతుకు కుదిస్తాయి. సిద్ధాంతం ప్రకారం ఆ గాలి 700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కాని చల్లని ఇంజనులో లెక్క తప్పుతుంది. సెల్ఫ్ మోటారు ఇంజనును నెమ్మదిగా తిప్పుతుంది. గాలి పిస్టను రింగుల పక్కనుండి కొంత జారిపోతుంది. పుట్టిన వేడిలో పెద్ద భాగాన్ని చల్లని ఇనుప గోడలు పీల్చుకుంటాయి.

పాత కార్లలో ఈ నష్టం మరింత ఎక్కువ. వాటిలో డీజిలును నేరుగా పిస్టను మీదకు కాక, హెడ్డులో అమర్చిన ఒక చిన్న గదిలోకి చిమ్ముతారు. ఆ గదిలో మంట అంటుకొని సన్నని దారి గుండా సిలిండరులోకి వ్యాపిస్తుంది. ఇంజను మృదువుగా నడవడానికి ఈ ఏర్పాటు తోడ్పడినప్పటికీ, గది గోడల వైశాల్యం ఎక్కువైనందువల్ల వేడి త్వరగా హరించుకుపోతుంది. అందుకే ఆ గదిలోకి పెన్సిలు వంటి ఒక లోహపు కడ్డీని దింపి, విద్యుత్తుతో దాని మొనను 850 డిగ్రీలు, అంతకు పైకి కూడా ఎర్రగా కాలుస్తారు. కంపెనీ పుస్తకాలు దీనిని గ్లో ప్లగ్గు అంటాయి. మెకానిక్కులు మాత్రం హీటర్ ప్లగ్గు అనే పిలుస్తారు. డ్యాష్‌బోర్డు మీద వెలిగే చుట్ట తీగ గుర్తు దానికి సంబంధించినదే. ఆ దీపం ఆరిన తరువాతనే సెల్ఫ్ కొట్టాలి.

ఇంజను అందుకొని వేడెక్కిన తరువాత ప్లగ్గుతో పని లేదు. దారిలో బండి బలహీనపడడానికీ, మైలేజీ తగ్గడానికీ, నల్లని పొగకూ హీటర్ ప్లగ్గును నిందించడం సరికాదు.

ముందుగా దోషి ఎవరో తేల్చుకోవాలి

ప్లగ్గులు కొనడానికి ముందు, తప్పు ప్లగ్గులదేనా అని నిర్ధారించుకోవాలి. వేడి ఇంజను కూడా సులభంగా స్టార్టు కాకపోతే లోపం మరొకచోట ఉన్నట్లే. డీజిల్ ఫిల్టరు మీది చేతిపంపు నాలుగుసార్లు నొక్కగానే బండి అందుకుంటే, గొట్టాల్లోకి గాలి చొరబడుతోందని అర్థం. సెల్ఫ్ మోటారు ఈడుస్తూ తిరుగుతుంటే బ్యాటరీని పరీక్షించాలి. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే దిగిపోతే అది బలహీనపడినట్లే.

ఇక ఉదయం మాత్రమే మొండికేసి, అందుకున్నాక ఒక నిమిషం సేపు తెల్లపొగతో, ఒక కాలు కుంటినట్లుగా దడదడలాడి తరువాత సర్దుకునే ఇంజనులో ఒకటి రెండు ప్లగ్గులు పోయి ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష కష్టమైనది కాదు.

మొదట తాళం తిప్పి, దీపం వెలుగుతున్నప్పుడు ప్లగ్గులను కలిపే పట్టీ మీద వోల్టేజీ చూడాలి. అక్కడ విద్యుత్తే లేకపోతే తప్పు ఫ్యూజుదో, రిలేదో, తీగదో అవుతుంది. కొత్త ప్లగ్గులు నాలుగు వేసినా ప్రయోజనం ఉండదు.

విద్యుత్తు వస్తున్నట్లయితే తాళం ఆపి, ఆ పట్టీని విప్పివేయాలి. నాలుగు ప్లగ్గులూ సమాంతరంగా కలిసి ఉంటాయి కనుక పట్టీ ఉండగా కొలిస్తే ఒక మంచి ప్లగ్గు మూడు చెడ్డవాటిని దాచిపెడుతుంది. పట్టీ తీశాక ఒక్కొక్క ప్లగ్గు తలకూ ఇంజను లోహానికీ మధ్య మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. చల్లని మంచి ప్లగ్గు సాధారణంగా అర ఓము నుండి రెండు ఓముల లోపు చూపుతుంది. మీటరు ముల్లులను ఒకదానితో ఒకటి తాకించినప్పుడు వచ్చే విలువను ఇందులో నుండి తీసివేయాలి. మీటరు ఏ విలువా చూపకపోతే లోపలి తీగ తెగిపోయినట్లే.

నిరోధం సరిగా ఉన్నా మొన సరిగా కాలకపోయే సందర్భాలు ఉన్నాయి. అందువల్ల క్లాంపు మీటరు ఉన్న ఆటో ఎలక్ట్రీషియను చేత కరెంటు కొలిపించడం మరింత నమ్మదగినది. ఒక్కొక్క ప్లగ్గు మొదటి క్షణాల్లో 12 నుండి 20 ఆంపియర్ల వరకు తీసుకొని, వేడెక్కిన కొద్దీ 10 ఆంపియర్ల చుట్టుపక్కలకు దిగాలి. నాలుగింటికి కలిపి మొదట 60, 80 ఆంపియర్లు పోవడం వింత కాదు. బలహీనమైన బ్యాటరీతో ప్లగ్గులు ఎందుకు కాలవో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కారు పేరు చాలదు, ఇంజను తెలియాలి

దుకాణంలో “ఇండికాకు హీటర్ ప్లగ్గులు” అని అడగడం ఎంత అసంపూర్ణమైన ప్రశ్నో చూడండి. టాటా ఇండికా 1998 డిసెంబరులో వెలువడి 2018లో ఆగిపోయింది. తొలి ఇండికా, ఆ తరువాతి వీ2 బండ్లలో పక్కగది కలిగిన 1,405 సి.సి. ఇంజను ఉండేది. 2008లో వచ్చిన ఇండికా విస్టాలో ఫియట్ రూపొందించిన 1,248 సి.సి. క్వాడ్రాజెట్ ఇంజను కూడా లభించింది. 2011 నాటి ఈవీ2లో 1,396 సి.సి. సీఆర్4 ఇంజను అమర్చారు. చివరి రెండూ డీజిలును నేరుగా సిలిండరులోకి చిమ్మే కామన్ రైల్ ఇంజన్లు. పేరు ఒకటే, ఇంజన్లు వేరు, ప్లగ్గులూ వేరు.

అంబాసిడర్ కథ కూడా ఇటువంటిదే. 2014లో తయారీ ఆగిపోయే వరకు ఆ కారు డీజిల్ రూపాల్లో బ్రిటిష్ మూలం గల 1,489 సి.సి. ఇంజను, జపాను ఇసుజు కంపెనీకి చెందిన 1,995 సి.సి. ఇంజను కనిపిస్తాయి. బయటినుండి చూస్తే రెండూ ఒకే గుండ్రని కారు. మారుతి జెన్ డీజిల్, ఎస్టీమ్ డీజిల్ కార్లలో ఉన్నది మారుతి ఇంజను కాదు; ఫ్రాన్సుకు చెందిన పెజో 1,527 సి.సి. ఇంజను. పైగా పాత కార్లలో ఇంజన్లు మార్చిన బండ్లు కూడా తక్కువేమీ కాదు.

అందువల్ల ఆర్‌సీలో ఉన్న మూడు వివరాలను కాగితం మీద రాసుకొని వెళ్ళాలి: సి.సి. సామర్థ్యం, ఇంజను నంబరు, తయారైన నెల, సంవత్సరం. ఇంజను మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో సరిపోయినదీ లేనిదీ చూసుకోవడం మంచిది. వీటి ఆధారంగా కంపెనీ విడిభాగాల జాబితాలోనో, ప్లగ్గు తయారీదారుల కేటలాగులోనో సరైన పార్టు నంబరు దొరుకుతుంది. బాష్ కంపెనీ ప్లగ్గుల సంఖ్యలు 0250తో మొదలవుతాయి. ఎన్‌జీకే లోహపు ప్లగ్గుల పేర్లు వై అక్షరంతో మొదలవుతాయి. పాత ప్లగ్గు మీద చదవగలిగే సంఖ్య ఉంటే అది కూడా రాసుకోవాలి. అయితే ముందటి యజమాని తప్పు ప్లగ్గు వేయించి ఉండవచ్చు కనుక ఆ ఒక్కదానినే నమ్మరాదు.

సరిహద్దు జిల్లాల వారికి ఈ పార్టు నంబరు మరొక మేలు కూడా చేస్తుంది. హోసూరు వాసి బెంగళూరు జేసీ రోడ్డులో కన్నడంలో అడిగినా, కొరాపుట్ వాసి విశాఖపట్నంలో తెలుగులో అడిగినా, బరంపురంలో ఒడియాలో అడిగినా, ఆ సంఖ్య మారదు. మాట పొరపాటుగా వినబడవచ్చు. కాగితం మీది అంకె పొరపాటు పడదు.

సరిపోల్చవలసిన కొలతలు

పార్టు నంబరు దొరికినప్పటికీ, చేతిలోకి వచ్చిన ప్లగ్గును పాతదాని పక్కన పెట్టి ఈ కింది విషయాలు సరిచూడాలి.

1. వోల్టేజీ. ఇది అన్నిటికంటె ముఖ్యం. దీనిని విడిగా వివరించవలసి ఉంది.

2. మరచుట్లు. పాత కార్ల ప్లగ్గులలో 10 మి.మీ., 12 మి.మీ. మరలు ఎక్కువ. 10 మి.మీ. మరలలోనే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1 మి.మీ. ఎడం ఉన్నవి కొన్ని, 1.25 మి.మీ. ఎడం ఉన్నవి కొన్ని. ఈ తేడా కంటికి సులభంగా ఆనదు. రెండు ప్లగ్గుల మరలను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు పట్టి చూస్తే, పళ్ళు కలిసిందీ లేనిదీ తెలుస్తుంది. అల్యూమినియం హెడ్డులో తప్పు మరను బలవంతంగా తిప్పితే హెడ్డులోని మర పాడవుతుంది.

3. మొన పొడవు. ప్లగ్గు కూర్చునే వాలు అంచు నుండి మొన చివరి వరకు గల కొలత ఇది. పొడవు ఎక్కువైతే మొన నాజిల్ చిమ్మే డీజిలుకు మరీ అడ్డుపడి కాలిపోతుంది. నేరుగా చిమ్మే ఇంజనులో పిస్టనుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. పొడవు తక్కువైతే మొన రంధ్రంలోనే దాగి, ఎర్రగా కాలినా డీజిలును అంటించలేదు.

4. మొన మందం, కూర్చునే వాలు. వాలు కోణం తేడాగా ఉంటే బిగింపు గట్టిగా ఉన్నట్లు కనిపించినా ఇంజను ఒత్తిడి పక్కనుండి చీదుతుంది.

5. తల. కొన్నిటికి తీగ బిగించే 4 మి.మీ. లేదా 5 మి.మీ. మర, నట్టు ఉంటాయి. కొన్నిటికి తొడుగు నొక్కే రకం తల ఉంటుంది. తీగను అతుకు వేసి సరిపెట్టుకోవడం మంచి పద్ధతి కాదు. అంత కరెంటు పోయే చోట వదులు అతుకు వేడెక్కి కాలుతుంది.

6. వేడెక్కే తీరు. పాతకాలపు ఒంటి చుట్ట ప్లగ్గులు ఎర్రబడడానికి 20, 30 సెకన్లు పట్టేది. తరువాత వచ్చినవాటిలో రెండు చుట్టలు ఉంటాయి. మొనలో ఉన్నది వేడి పుట్టిస్తుంది. వెనుక ఉన్నది వేడెక్కిన కొద్దీ నిరోధం పెంచుకొని కరెంటును తానే తగ్గిస్తుంది. ఇవి 5 నుండి 10 సెకన్లలో సిద్ధమవుతాయి. వేడిని తామే అదుపులో ఉంచుకుంటాయి. ఆరు సెకన్లకే దీపం ఆరిపోయే టైమరు ఉన్న బండిలో నెమ్మది రకం ప్లగ్గు వేస్తే అది కాలకముందే డ్రైవరు సెల్ఫ్ కొడతాడు. దీనికి విరుద్ధంగా, ఎక్కువసేపు కరెంటు పంపే పాత టైమరు మీద అదుపు లేని త్వరిత రకం వేస్తే కాలిపోతుంది. కొన్ని బండ్లలో స్టార్టు అయిన తరువాత కూడా తెల్లపొగ, దడ తగ్గేందుకు ప్లగ్గులకు రెండు మూడు నిమిషాల పాటు విద్యుత్తు అందుతుంది. అప్పుడు ఆల్టర్నేటరు 14 వోల్టుల వరకు ఇస్తుంది. అటువంటి బండికి ఆ భారాన్ని ఓర్చుకొనే రకమే తీసుకోవాలి.

వోల్టేజీ ఎందుకు అంత ముఖ్యం

పాత డీజిల్ కార్లకు వాడే పెన్సిలు రకం ప్లగ్గుల మీద సాధారణంగా 11 లేదా 12 వోల్టులు అని ఉంటుంది. బ్యాటరీ 12 వోల్టులది కాగా ప్లగ్గు మీద 11 అని ఉండడం తప్పు కాదు. తీగల్లోనూ రిలేలోనూ పోయే నష్టం తీసివేసి రాసిన విలువ అది. లారీలు, బస్సుల కోసం 24 వోల్టుల ప్లగ్గులు ఉన్నాయి. మరీ పాత ఇంజన్లు కొన్నిటిలో తీగ చుట్ట బయటికే కనిపించే ప్లగ్గులను వరుసగా కలిపేవారు. ఒక్కొక్కదానికి రెండు వోల్టుల లోపే అందేది; ఒకటి పోతే అన్నీ ఆగిపోయేవి. ఇక కొత్త తరం ఇంజన్లలో కంప్యూటరు అదుపులో పనిచేసే 4.4, 5, 7 వోల్టుల ప్లగ్గులు వచ్చాయి. వీటిలో కొన్ని పాతవాటిని మరలోనూ ఆకారంలోనూ దగ్గరగా పోలి ఉంటాయి. ప్రమాదం అక్కడే ఉంది.

పదో తరగతి విద్యార్థికి తెలిసిన లెక్కతోనే దీనిని అర్థం చేసుకోవచ్చు. నిరోధం ఒకటే అయినప్పుడు పుట్టే వేడి వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 24 వోల్టుల ప్లగ్గును 12 వోల్టుల కారులో వేస్తే వేడి సగం కాదు, నాలుగో వంతు మాత్రమే వస్తుంది. ప్లగ్గు కొత్తదే, కరెంటు పోతూనే ఉంటుంది, బండి మాత్రం అందుకోదు. మెకానిక్కు నాజిలునూ పంపునూ అనుమానిస్తాడు. 6 వోల్టుల ప్లగ్గును 12 వోల్టులకు కలిపితే వేడి నాలుగు రెట్లు. 5 వోల్టుల ప్లగ్గును కలిపితే దాదాపు ఆరు రెట్లు. కొద్ది క్షణాల్లోనే తొడుగు ఉబ్బుతుంది, పగులుతుంది, లేదా మొన కరిగి రాలుతుంది. ఉబ్బిన ప్లగ్గు వచ్చిన దారిన వెనక్కి రాదు.

కనుక వోల్టేజీ అంకె చెరిగిపోయిన ప్లగ్గును, పెట్టె లేకుండా విడిగా అమ్మే ప్లగ్గును, “ఇది అన్నిటికీ పనిచేస్తుంది” అంటూ ఇచ్చే ప్లగ్గును తీసుకోకపోవడమే క్షేమం. “ఎక్కువ వేడి ఇస్తుంది” అన్న మాటకు ఆశపడి కొత్త తరం సిరామిక్ ప్లగ్గులను పాత బండికి పెట్టించడం కూడా తగదు. అవి తమ ఇంజన్లలో గొప్పవే. వాటికి తగిన కంట్రోలరు పాత బండిలో ఉండదు.

ఒకటి మార్చాలా, నాలుగూ మార్చాలా

నాలుగు ప్లగ్గులూ ఒకేనాడు వేసినవి అయితే వాటి వయస్సు ఒకటే, మోసిన భారం ఒకటే. ఒకటి పోయినదంటే మిగిలినవి కూడా ఆ దారినే ఉన్నాయి. లక్ష కిలోమీటర్లు దాటిన జతలో నాలుగూ ఒకేసారి మార్చడం న్యాయం. ఒక ఇంజనులో రెండు రకాల ప్లగ్గులు ఉంటే ఒక సిలిండరు ముందు, మరొకటి వెనుక అంటుకొని స్టార్టింగు గరుకుగా ఉంటుంది. ఏడాది క్రితమే మార్చిన జతలో ఒకటి పోతే, అదే కంపెనీ, అదే నంబరు గలది ఒక్కటి వేసుకోవచ్చు.

అయితే కొత్త ప్లగ్గు త్వరగా పోవడానికి కారణం వెదకాలి. తీసిన ప్లగ్గు మొనే సాక్ష్యం చెబుతుంది. మొన కరిగినా, ఒక పక్క తినివేసినట్లున్నా నాజిల్ సరిగా చిమ్మడం లేదనో, పంపు టైమింగు ముందుకు జరిగిందనో అనుమానించాలి. తొడుగు ఉబ్బితే ఎక్కువ వోల్టేజీ, లేదా అతుక్కుపోయి కరెంటు ఆపని రిలే కారణం కావచ్చు. ఈ మూలాన్ని సరిచేయకుండా ఎన్ని ప్లగ్గులు మార్చినా అవి వరుసగా కాలుతూనే ఉంటాయి.

నకిలీలను గుర్తించడం

పేరున్న కంపెనీల పెట్టెలను పోలిన నకిలీలు విడిభాగాల రంగంలో ఉన్నాయి. రెండో చుట్ట లేకుండా, లోపలి పొడి సరిగా నింపకుండా చేసిన ప్లగ్గు బయటికి అచ్చం అసలుదానివలెనే కనిపిస్తుంది. లోహం మీది అక్షరాలు గోటితో గీకితే చెరిగిపోవడం, మొన మధ్యరేఖకు పక్కగా ఒరిగి ఉండడం, పెట్టె మీది నంబరూ ప్లగ్గు మీది నంబరూ కలవకపోవడం అనుమానించవలసిన గుర్తులు. పెట్టె మీద గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా ఉండాలి. బిల్లు మీద పార్టు నంబరు రాయించుకోవాలి.

12 వోల్టుల ప్లగ్గును ఆటో ఎలక్ట్రీషియను చేత వైసులో బిగించి, ఫ్యూజు ఉన్న తీగతో కొన్ని సెకన్లు కాల్పించి చూడవచ్చు. మంచి ప్లగ్గు మొన నుండి ఎర్రబడడం మొదలవుతుంది. నాసిరకం నడుము దగ్గర ముందు ఎర్రబడుతుంది. ఈ పరీక్షను చేత్తో పట్టుకొని చేయరాదు. తక్కువ వోల్టేజీ ప్లగ్గుల మీద అసలే చేయరాదు. మొన పేలి చిట్లవచ్చు.

తీయడంలో ఓర్పు, బిగించడంలో కొలత

ఎంత మంచి ప్లగ్గు కొన్నా, పాతది తీసేటప్పుడు విరిగితే శ్రమ వృథా. ఏళ్ళ తరబడి మసి పట్టిన ప్లగ్గు రంధ్రంలో అతుక్కుపోయి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె మొదట్లో పోసి ఉంచాలి. మరునాడు ఇంజనును వేడిచేసి, చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊది, తీగలు తీసి, నెమ్మదిగా విప్పాలి. బిర్రుగా అనిపిస్తే కొద్దిగా బిగించి, మళ్ళీ కొద్దిగా విప్పుతూ సాగాలి. 10 మి.మీ. ప్లగ్గు 35 న్యూటన్ మీటర్ల దగ్గర, 12 మి.మీ. ప్లగ్గు 45 దగ్గర విరిగే స్థితికి చేరుతుంది. పొడుగాటి పిడికి పైపు తొడిగి లాగడం ఇక్కడ పనికిరాదు.

తీసిన తరువాత రంధ్రంలోని మసిని దానికి తగిన రీమరుతో శుభ్రం చేయాలి. లేకపోతే కొత్త ప్లగ్గు సరిగా కూర్చోదు. ముందు చేత్తోనే తిప్పి, చివరకు టార్క్ రెంచితో బిగించాలి. కంపెనీ పుస్తకం దొరకనప్పుడు 10 మి.మీ. మరకు 12 నుండి 18, 12 మి.మీ. మరకు 20 నుండి 25 న్యూటన్ మీటర్లు సాధారణ హద్దులు. తల మీది చిన్న నట్టుకు రెండు మూడు న్యూటన్ మీటర్లు చాలు. మరలకు నూనె పూస్తే అదే కొలతకు బిగింపు మరింత ఎక్కువ పడుతుంది కనుక పొడిగానే బిగించాలి.

చేయకూడని పనులు

హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజనులోకి ఈథర్ కలిసిన స్టార్టింగు స్ప్రే కొట్టరాదు. ఈథర్ 200 డిగ్రీలు కూడా లేని వేడికే అంటుకుంటుంది. ఎర్రగా కాలిన మొన తగిలితే అదను తప్పి పేలి రింగులనూ పిస్టనునూ విరగ్గొట్టగలదు. ఎయిర్ ఫిల్టరు దగ్గర నూనె గుడ్డ వెలిగించి పట్టడం మరింత ప్రమాదకరం. బండితో పాటు మనిషీ కాలే పని అది. పది సెకన్లకు మించి ఎడతెగక సెల్ఫ్ కొట్టడం వల్ల మోటారు, బ్యాటరీ రెండూ చెడతాయి. మధ్యలో అర నిమిషం ఆగి, ప్లగ్గులను మరొకసారి కాలనిచ్చి ప్రయత్నించడం సరైన పద్ధతి.

పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకొని, ఆ పైన ఐదేళ్ళకొకసారి అదే పని చేస్తూ బండిని కాపాడుకొనే కుటుంబాలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. వారికి ఆ కారు విలాసం కాదు. అమ్మితే చేతికి వచ్చే సొమ్ముతో మరొకటి రాదు. అటువంటివారు చలికాలం రాకముందే, దసరా దీపావళుల మధ్య ఒక పూట కేటాయించి నాలుగు ప్లగ్గులూ పరీక్షింపజేసుకోవడం మంచిది. ఆర్‌సీలోని సి.సి., ఇంజను నంబరు, సరైన పార్టు నంబరు, వోల్టేజీ ఒక చీటీ మీద రాసి బండిలోనే ఉంచుకోవాలి. తెల్లవారుజామున ఎవరికో ఆపద వచ్చి బండి తీయవలసి వచ్చిన నాడు, ముందుగా రాసుకున్న ఆ చీటీ విలువ తెలుస్తుంది.